ముందు చక్రముల అమరికలో బోల్టుల బిగింపు

పంటను అంగడికి చేర్చుటకు ఎడ్లబండి ఒక్కటే దిక్కుగా ఉన్న రోజులు గడచినవి. నేడు చిన్న లారీ, ట్రాలీ ఆటో, ట్రాక్టరు లేని గ్రామము అరుదు. 1999లో రైతు బజార్లు వెలసిన తరువాత శంకరపల్లి, చేవెళ్ళ వంటి ప్రాంతముల నుండి కూరగాయల బండ్లు తెల్లవారకమునుపే హైదరాబాదు చేరుటకు అలవాటుపడినవి. ఎర్రగడ్డ రైతు బజారులో సరకు దించిన రైతునకు మధురానగర్, యూసుఫ్‌గూడ దాపుననే ఉన్నవి. స్టీరింగు ఒక ప్రక్కకు లాగుచున్నదనియో, ముందు టైరు ఒక అంచున అరిగినదనియో తిరుగు ప్రయాణములో చక్రముల అమరిక చేయించుకొని పోవుటకు అట్టి చోట్లు అనుకూలము.

అమరిక అయిన రోజున బండి నిటారుగా నడచును. పది పదిహేను రోజులు గడచుసరికి మరల ప్రక్కకు లాగును. రైతు ఇచ్చిన డబ్బు వృథా అయినదని విసుగుకొనును. కంప్యూటరు అబద్ధము చెప్పలేదు. అది చూపిన అంకెలను ఆ స్థానములో నిలిపి ఉంచవలసినవి నట్లు, బోల్టులు. వానిని ఎప్పుడు, ఏ స్థితిలో, ఎంత బలముతో బిగించినారు అనుదానిపై ఆ అమరిక ఆయుర్దాయము ఆధారపడియున్నది. మా అభిప్రాయములో రైతు దుకాణములో కూర్చుండి తెరమీది అంకెలను చూచుటకంటె, బండి క్రిందికి వంగి పానా ఎక్కడ పడుచున్నదో చూచుట మేలు.

అమరిక అనగా ఏమి?

ముందు చక్రములు రెండును పైనుండి చూచినపుడు ఒకదానికొకటి దాదాపు సమాంతరముగా ఉండవలెను. చాలా బండ్లకు ముందు వైపు దూరము వెనుక వైపు దూరముకంటె కొద్ది మిల్లీమీటర్లు తక్కువగా ఉండునట్లు కంపెనీ నిర్ణయించును. దీనిని టో-ఇన్ అందురు. చక్రము లోనికో బయటికో వాలియుండుట క్యాంబరు. చక్రము కుడి ఎడమలకు తిరుగు ఇరుసు కీలు వెనుకకు వాలియుండుట క్యాస్టరు. ట్రాక్టర్లలోను, ముందు నిలువు దూలపు ఇరుసు గల పాత బండ్లలోను సామాన్యముగా సరిచేయదగినది టో ఒక్కటే.

ఇది తప్పినచో నష్టమెంతయో లెక్క వేసి చూడవచ్చును. టైరు అడ్డకొలత 700 మి.మీ. అనుకొందము. టో ఉండవలసినదానికంటె 7 మి.మీ. ఎక్కువగా ఉన్నచో ఒక్కొక్క చక్రము కిలోమీటరునకు 5 మీటర్ల మేర ప్రక్కకు ఈడ్వబడును. అంగడి 40 కిలోమీటర్ల దూరముననున్న రైతు పోయి వచ్చుసరికి ప్రతి ముందు టైరును 400 మీటర్లు అడ్డముగా రోడ్డుపై రుద్దినట్లగును. ఇట్టి టైరుపై అరచేతితో అడ్డముగా నిమిరిన రంపపు పళ్ళవలె తగులును. రైతు బండికి ఇంతకంటె చవుకైన పరీక్ష లేదు.

బోల్టు చేయు పని

గడ్డిబండిపై మోకు కట్టుట రైతులందరికిని తెలిసినదే. మోకు బిర్రుగా లాగి ముడి వేసినపుడే గడ్డి కదలక నిలుచును. అదే మోకు వదులుగా ఉన్నచో, ఎంత లావుదైనను ప్రయోజనము లేదు. బోల్టు కూడ అటువంటిదే. నట్టును బిగించినకొలది బోల్టు కంటికి కానరానంత సాగి, తిరిగి ముడుచుకొనుటకు ప్రయత్నించుచు రెండు రేకులను గట్టిగా అదిమిపట్టును. ఆ ఒత్తిడివలన పుట్టు రాపిడియే భాగములను జారనీయక నిలుపునది. బిగింపు చాలనిచో భాగములు ప్రతి గతుకునకు వెంట్రుకవాసి జారును. రంధ్రములు అండాకారముగా అరుగును. ఒకనాడు బోల్టు తెగును. తెగిన బోల్టును చూచి సరకు నాసిరకమని తిట్టుట కద్దు గాని, పెక్కు సందర్భములలో అది చాలినంత బిగింపు లేక తెగినదే.

అట్లని పానాకు పొడుగాటి పైపు తొడిగి ఇద్దరు వ్రేలాడుటయు తగదు. మితిమీరి సాగిన బోల్టు మరల ముడుచుకొనదు. దాని మెడ సన్నబడును. మరలు లాగుకొనిపోవును. అట్టిది చేతికి వచ్చినచో పారవేయవలెను.

మరలకు నూనె పూయుట విషయములో ఒక హెచ్చరిక అవసరము. మనము పానాపై పెట్టు బలములో సుమారు పదింట ఒక వంతు మాత్రమే బోల్టును సాగదీయును. మిగిలినది నట్టు తలక్రింద, మరలలో రాపిడికే పోవును. నూనె పూసినచో రాపిడి తగ్గి, అదే బలముతో బోల్టు చాల ఎక్కువ సాగును. కావున కంపెనీ పుస్తకములో పొడి మరలకు చెప్పిన బిగింపును నూనె రాసిన మరలకు వాడరాదు. తుప్పును తీగ కుంచెతో తుడిచి, గుడ్డతో ఆరబెట్టి బిగించుట క్షేమము.

కొలతకు ముందు వదులు వెదకవలెను

వదులుగా ఉన్న కీళ్ళపై అమరిక కొలుచుట పగిలిన కుంచముతో ధాన్యము కొలుచుటవంటిది. మొదట టైర్లలో గాలి సరిచూడవలెను. తరువాత ఒకరు స్టీరింగును కుడి ఎడమలకు కొద్దికొద్దిగా కదుపుచుండగా, మరియొకరు క్రింద ప్రతి కీలుపై చేయి వేసి చూడవలెను. గుండు కీళ్ళలో టకటకమను ఆట చేతికి వెంటనే తెలియును. పిమ్మట జాకీపై చక్రమును లేపి, పైన క్రింద పట్టుకొని ఊపవలెను. ఆట ఉన్నచో అది హబ్బు బేరింగులోనిదా, గుండు కీలులోనిదా అని తేల్చుకొనవలెను. అరిగిన కీలును ఎంత బిగించినను ప్రయోజనము లేదు, మార్చవలసినదే.

రబ్బరు బుష్షులు: చక్రము వ్రేలాడుచుండగా బిగించరాదు

అమరిక చెడుటకు గల కారణములలో మిక్కిలి తక్కువ మందికి తెలిసినది ఇది. కావున కొంత విపులముగా చెప్పుట అవసరము.

నేటి చిన్న లారీలలో, జీపులలో చక్రమును పట్టియుంచు చేతుల మొదళ్ళలోను, కమాను కట్ట చెవులలోను రబ్బరు బుష్షులుండును. వీనిలో చాలావానికి లోపల ఒక ఇనుప గొట్టము, వెలుపల ఒక ఇనుప గొట్టము, నడుమ రెంటికిని అంటుకొనిన రబ్బరు ఉండును. బోల్టు బిగించినపుడు లోపలి గొట్టము చట్రమునకు అదుముకొని కదలక నిలుచును. చక్రము పైకి క్రిందికి ఆడినపుడు గొట్టము తిరుగదు. రబ్బరే మెలిపడి, తిరిగి యథాస్థితికి వచ్చును.

ఇప్పుడు మేస్త్రీ బండిని జాకీపై లేపి, చక్రములు క్రిందికి వ్రేలాడుచుండగా ఈ బోల్టును పూర్తిగా బిగించినాడనుకొందము. రబ్బరునకు ఆ వ్రేలాడు స్థితియే విశ్రాంతి స్థితి అయినది. బండిని నేలకు దించగానే చేయి పైకి లేచి రబ్బరు మెలిపడును. బండి నిలిచియున్నంతసేపు, పరుగెత్తునంతసేపు కూడ ఆ మెలిక వీడదు. దానిపై గతుకుల మెలిక అదనము. రెండేండ్లు నిలువవలసిన బుష్షు కొద్ది నెలలలోనే చీలును. అంతేకాక మెలిపడిన రబ్బరు స్ప్రింగువలె పనిచేసి బండిని ఉండవలసినదానికంటె కొంచెము ఎత్తున నిలుపును. ఆ ఎత్తులో తీసిన క్యాంబరు, టో అంకెలు, రబ్బరు చీలి బండి క్రుంగిన మరుక్షణమే తప్పులగును. పదిహేను రోజులలో బండి మరల లాగుటకు ఇది ఒక ముఖ్య కారణము.

చేయవలసిన క్రమము కష్టమైనది కాదు. బోల్టును ఎక్కించి నట్టును చేతితో తిరిగినంత వరకు మాత్రము త్రిప్పి వదలవలెను. బండిని నాలుగు చక్రములపై నేలకు దించవలెను. ముందు భాగమును రెండు మూడు మారులు అదిమి వదలి, బండి తన సహజమైన ఎత్తునకు వచ్చిన పిమ్మట పూర్తి బిగింపు చేయవలెను. క్రిందికి దూరుటకు వీలులేనిచో గోతి మీదనో, చక్రముల క్రింద పలకలు పెట్టు లిఫ్టు మీదనో నిలిపి చేయవచ్చును. ముఖ్యమైనది బరువు చక్రములపై ఉండుట. కందెన పెట్టు ఇత్తడి బుష్షులు గల పాత కమాన్లకు ఈ నియమము అంతగా వర్తించదు, వానిలో పిన్ను నిజముగానే తిరుగును.

జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ గుట్టలపై సినిమా షూటింగులకు తిరుగు జనరేటరు వ్యానుతో రైతు బండిని పోల్చి చూడవచ్చును. జనరేటరు వ్యానుపై యంత్రము బిగించియుండుటచే దాని బరువు సదా ఒక్కటే. ఆ బరువుతోనే కొలిచి, ఆ బరువుతోనే బిగింపవచ్చును. రైతు బండి నిండుగా పోయి ఖాళీగా వచ్చును. అందుచేత కంపెనీ పుస్తకము ఎంత బరువుతో కొలువవలెనని చెప్పినదో అంతే ఉంచవలెను. సగము సరకు దించి, సగము ఉంచి అమరిక చేయించుట వలన ఎవరికిని లాభము లేదు.

కమాను యు-బోల్టులు

ఇరుసును కమాను కట్టకు బంధించునవి యు-బోల్టులు. కట్ట నడుమ ఒక సన్నని బోల్టు ఉండును. దాని తల ఇరుసు పీటలోని గుంటలో కూర్చుండి ఇరుసు స్థానమును చూపును. అది స్థానము చూపుటకే గాని బరువు మోయుటకు కాదు. యు-బోల్టులు వదులైనపుడు బ్రేకు పడిన ప్రతిసారి ఇరుసు వెనుకకు నెట్టుకొని ఆ సన్నని బోల్టును నరుకును. అది తెగగానే ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జరుగును. బండి పీతవలె వంకరగా నడచును. దీనికి టై రాడ్ త్రిప్పి మందు వేయుట వలన రోగము దాగునే గాని పోదు. కావున అమరికకు ముందు రెండు ప్రక్కల ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసు వరకు టేపుతో కొలిచి చూచుట తప్పనిసరి. రెండు కొలతలు సమానముగా లేనిచో కమాను కట్టను ముందు చూడవలెను.

యు-బోల్టులను కూడ బండి బరువు కమాన్లపై ఉండగానే పూర్తిగా బిగించవలెను. నాలుగు నట్లను ఒకదాని వెంట ఒకటిగా కాక, మూల నుండి మూలకు, కొద్దికొద్దిగా, సమానముగా బిగించవలెను. క్రొత్త పట్టీలు వేసినపుడు వాని నడుమనున్న రంగు, తుప్పు, మట్టి నలిగి కట్ట పలుచబడును. బోల్టు వదలకపోయినను బిగింపు తగ్గును. కావున కొద్ది ప్రయాణము తరువాత మరల బిగించుట ఆచారముగా పెట్టుకొనవలెను. ట్రాక్టరు వెనుక ట్రాలీకి కమాన్లు ఉన్నచో దానికిని ఇదే పద్ధతి. ఇటుక, ఇసుక తోలు ట్రాలీల యు-బోల్టులను ఏడాదికొకసారైనను చూచువారు కానరారు.

టై రాడ్, బందు నట్టు

కోణములన్నియు సరిచేసిన పిమ్మట చివరకు టో సరిచేయవలెను. క్యాంబరు మార్చిన టో మారును గనుక ఈ క్రమమును తలక్రిందులు చేయరాదు. స్టీరింగును నడిమికి తెచ్చి కదలకుండ పట్టియుంచి, టై రాడ్ బందు నట్లను వదులు చేసి రాడ్‌ను త్రిప్పవలెను. కొన్ని బండ్లలో గొట్టమునకు ఒక కొన కుడి మర, మరియొక కొన ఎడమ మర ఉండును. మర అడుగు 1.5 మి.మీ. అయినచో గొట్టమును ఒక చుట్టు త్రిప్పుటతో పొడవు 3 మి.మీ. మారును. మరలు చాలినంత లోపలికి దిగియుండవలెను. అంచున పట్టీ పట్టనట్టున్న టై రాడ్ ఊడిపోయినచో చక్రము ఒకటి ఎటో, మరియొకటి ఎటో తిరుగును, స్టీరింగు చేతిలోనే ఉండును.

ఇక్కడ ఒక చిన్న పొరపాటు వలన చేసిన పని అంతయు చెడును. బందు నట్టు బిగించునపుడు అది గుండు కీలును కూడ తనతో త్రిప్పుకొనిపోవును. కీలు ఒక ప్రక్కకు ఒరిగి, చక్రము పూర్తిగా తిరిగినపుడు అంచునకు తగిలి విరుగవచ్చును. రాడ్ కదలి టో కూడ మారును. రెండవ పానాతో కీలును నడిమి స్థితిలో పట్టియుంచి మొదటి పానాతో నట్టును బిగించవలెను. బిగించిన తరువాత మరల కొలువవలెను. బిగింపుకు ముందు వచ్చిన అంకెను చీటీపై వ్రాసి ఇచ్చు పద్ధతి మంచిది కాదు. రైతు అడుగవలసిన ప్రశ్న ఇది: ఈ అంకె నట్లు బిగించక ముందుదా, తరువాతదా?

గాట్ల నట్టు, స్ప్లిట్ పిన్ను

గుండు కీలు కాడ సాధారణముగా కొన దేలినట్లుండి అట్టి రంధ్రములో బిర్రుగా కూర్చుండును. పట్టు ఆ బిర్రులోనే ఉన్నది. కావున ఆ రెండు ముఖములను శుభ్రముగా తుడిచి, గ్రీజు లేకుండ కూర్చవలెను. కాడ నట్టుతో కూడ తిరుగుచున్నచో పైనుండి అదిమిపట్టి బిగించవలెను.

దానిపై నట్టు తలకు గాట్లు ఉండును. చెప్పిన బిగింపు వచ్చిన తరువాత గాటు, కాడ రంధ్రము ఎదురెదురుగా రానిచో నట్టును ఇంకను ముందుకు త్రిప్పి తరువాతి గాటునకు తేవలెను. వెనుకకు వదులు చేసి కలుపరాదు. ఆ పాతిక చుట్టు వదులు చాలును, కాడ రంధ్రములో ఆడుట మొదలిడుటకు. స్ప్లిట్ పిన్ను ప్రతిసారి క్రొత్తది వేయవలెను. దాని ఖరీదు లెక్కలోనికి రానిది. పాత పిన్నును తిన్నగా చేసి మరల వంచినచో మెడ వద్ద విరుగును. మేకు ముక్క, తీగ ముక్క వేసి సరిపెట్టుట మరియు ప్రమాదకరము. కడసీల లేకుండ ఎడ్లబండిని వాకిలి దాటించు రైతు ఎవడును లేడు. అరవై కిలోమీటర్ల వేగముతో పోవు బండికి అదే జాగ్రత్త ఎందులకు ఉండరాదు?

నైలాను కట్టు గల నట్లను విప్పినచో, చేతితో తేలికగా తిరుగునట్లయిన వానిని మరల వాడరాదు.

బిగింపు కొలుచుట

ఎంత బిగించవలెనో కంపెనీ పుస్తకము న్యూటన్ మీటర్లలో చెప్పును. ఒక మీటరు పొడవు పానా కొనపై ఒక కిలో బలము పెట్టినచో అది దాదాపు 9.8 న్యూటన్ మీటర్లు. దీనికై టార్క్ పానా ఉన్నది. ఇంపాక్టు గన్నుతో టక్కున బిగించి వదలిన నట్టు ఎంత బిగిసినదో ఎవరికిని తెలియదు, గన్ను పట్టినవానికి కూడ తెలియదు. గన్నును విప్పుటకు వాడి, బిగింపును టార్క్ పానాతో ముగించుమని అడుగుట రైతు హక్కు.

గ్రామములో టార్క్ పానా లేనిచో ధాన్యము తూచు కొక్కెపు స్ప్రింగు త్రాసు సాయపడును. నట్టు నడుమ నుండి 50 సెం.మీ. దూరమున పానాకు కొక్కెము తగిలించి, పానాకు లంబముగా 20 కిలోలు చూపునంత వరకు నిదానముగా లాగినచో సుమారు 98 న్యూటన్ మీటర్లు వచ్చును. 30 సెం.మీ. దూరమున 15 కిలోలైనచో సుమారు 44. ఇది ప్రయోగశాల కొలత కాదు. అయినను అంచనాతో పైపు తొడుగుటకంటె ఎన్నో రెట్లు మేలు.

ఊరిలో ట్రాక్టరునకు

ట్రాక్టరు ముందు చక్రముల టో చూచుకొనుటకు నగరమునకు పోనక్కరలేదు. చదునైన నేలపై నిలిపి, చక్రములు నిటారుగా పెట్టి, రెండు టైర్ల నడిమి గీతపై ఇరుసు ఎత్తున ముందు వైపు సుద్దతో గుర్తు పెట్టి నడుమ దూరము కొలువవలెను. ట్రాక్టరును నిదానముగా ముందుకు నడిపి, అవే గుర్తులు వెనుక వైపు అదే ఎత్తునకు వచ్చినపుడు మరల కొలువవలెను. భేదము పుస్తకములో చెప్పినంత ఉండవలెను. వరుసల వెడల్పు కొరకు ముందు ఇరుసును ప్రక్కలకు పొడిగించినపుడు టై రాడ్ల పొడవును కూడ మార్చవలసియుండును. ఇరుసు బోల్టులు బిగించి, టో చూడక దుక్కికి పోవుట వలననే చాలా ట్రాక్టర్ల ముందు టైర్లు అకాలమున అరుగుచున్నవి.

యంత్రముల పోషణలో శిక్షణ కోరు యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ 1983 నుండి ఉన్నది.

తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చబడినవి. నీరు నిండిన ట్యాంకరు మలుపులలో ఊగుచు ట్రాక్టరు స్టీరింగు కీళ్ళపై మోపు భారము తక్కువది కాదు. పంచాయతీ కార్యదర్శులు డీజిలు లెక్కతో పాటు ఒక పుటలో స్టీరింగు నట్లు, స్ప్లిట్ పిన్నులు, యు-బోల్టులు, చక్రపు నట్లు చూచిన తేదీని వ్రాయించుట అవసరము. సరకుల ట్రాలీలో మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధము. అయినను మిరప కోతల కాలములో కూలీలు ఎక్కుచునే యున్నారు, వారిలో పిల్లల తల్లులు ఉన్నారు. ఆ దినములలో ఆ పుట ఖాళీగా ఉండరాదు.

పని ముగిసిన తరువాత ప్రతి నట్టు నుండి ప్రక్కనున్న రేకు మీదికి తెల్ల రంగుతో ఒక సన్నని గీత గీయించవలెను. నట్టు కొంచెము తిరిగినను గీత విడిపోయి కనిపించును. చక్రము తీసి పెట్టినచో 50 మొదలు 100 కిలోమీటర్ల లోపల చక్రపు నట్లను మరల బిగించవలెను. తెల్ల గీతలను మొదటి వారములో రోజూ, పిమ్మట వారమునకొకసారి, టైర్లలో గాలి చూచుకొను సమయముననే చూచుకొనవచ్చును.